సీనియర్ల ర్యాంకు చూసి కుర్రాళ్లను ఆపేస్తే ఎలా?

ఏషియన్ గేమ్స్ వస్తున్నాయంటే మన ఫుట్‌బాల్ కుర్రాళ్లకు ఒకటే టెన్షన్: అసలు జట్టును పంపుతారా, లేదా? 2018లో పంపలేదు. 2023లోనూ మొదట కుదరదనే అన్నారు.

ఒకప్పుడు ఈ పోటీల్లో మనకు తిరుగులేదు. 1951లో ఢిల్లీలో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం కొట్టాం. 1962 జకార్తా కథ ఇంకా గొప్పది. కోచ్ మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. టోర్నీ మధ్యలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని పక్కన కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో స్వర్ణం మనదే. మరుసటి ఏడాదే రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం తెచ్చిన కెప్టెన్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. ఆ తర్వాత పురుషుల ఫుట్‌బాల్‌లో మనకు పతకం లేదు.

2002 బుసాన్ ఏషియన్ గేమ్స్ నుంచి ఈ ఫుట్‌బాల్ 23 ఏళ్ల లోపు వాళ్ల పోటీ అయింది. అంతకన్నా పెద్దవాళ్లు ముగ్గురికే చోటు. చిక్కంతా ఇక్కడే ఉంది. జట్టును పంపాలంటే ఆసియాలో మొదటి 8 ర్యాంకుల్లో ఉండాలని కేంద్ర క్రీడా శాఖ నిబంధన పెట్టింది. చూసేది సీనియర్ జట్టు ర్యాంకు, ఆగిపోయేది కుర్రాళ్లు. ఇది అన్యాయం కాక మరేమిటి?

2023 జూలైలో కేంద్రం ఆ నిబంధనను సడలించింది. అప్పటికే మన దేశవాళీ లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్ మీదికొచ్చింది, ఆటగాళ్లను వదలడానికి క్లబ్బులు ఒప్పుకోలేదు. దొరికినవాళ్లతో జట్టు కట్టి, మ్యాచ్‌కు ముందురోజు పోటీలు జరిగే చైనా నగరం హాంగ్‌జౌ చేరుకున్నారు. కలిసి ప్రాక్టీస్ చేసే టైమే లేదు. చైనా 5-1తో ఓడించింది. అయినా కుర్రాళ్లు డీలా పడలేదు. సీనియర్ ఆటగాడు సునీల్ ఛెత్రీ పెనాల్టీతో బంగ్లాదేశ్‌పై గెలిచి, మయన్మార్‌తో డ్రా చేసుకుని ప్రీక్వార్టర్స్‌కు వెళ్లారు. అక్కడ సౌదీ అరేబియా 2-0తో ఆపింది.

ఈ గొడవ మనకు దూరంగా ఢిల్లీలో జరిగేదే అయినా, దెబ్బ తగిలేది అనంతపురం లాంటి చోట్లే. ఇక్కడి స్పోర్ట్స్ విలేజ్‌లో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ ఫుట్‌బాల్ అకాడమీ నడుపుతోంది, స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లిగా కూడా చేయి కలిపింది. కరువు పల్లెల నుంచి వచ్చి, హాస్టల్‌లో ఉండి బూట్లు కట్టుకునే పిల్లలకు ఇండియా జెర్సీ దక్కాలంటే దారి ఈ వయసు జట్లే. వాళ్లను వాళ్ల ఆట చూసి ఎంచాలి. పంపేదీ లేనిదీ కనీసం ఏడాది ముందే తేల్చాలి, ఆ తేదీల్లో లీగ్‌కు విరామం ఇవ్వాలి.