నైట్లీ బిల్డుల గొడవ: అసలు మలుపు 2022 డిసెంబరులో

నైట్లీ బిల్డులను, అంటే విడుదలకు ముందే పరీక్ష కోసం రోజూ ఇచ్చే కాపీలను, భద్రంగా ఎలా పంచాలన్న వాదన మళ్లీ రాజుకుంది. తప్పు కమాండ్ వాడినవాళ్లదా, ఆ కమాండ్ ఇచ్చినవాళ్లదా అన్నదే తగువు.  అది అర్థం కావాలంటే 2022 క్రిస్మస్ వారానికి వెళ్లాలి.

ఆ డిసెంబరు 25 నుంచి 30 మధ్య లైనక్స్‌లో పైటార్చ్ అనే మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ నైట్లీని పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్‌తో వేసుకున్నవాళ్లకు, దానికి కావాల్సిన టార్చ్‌ట్రైటాన్ అనే అనుబంధ ప్యాకేజీ (డిపెండెన్సీ) నకిలీది వచ్చింది. అసలుది పైటార్చ్ సొంత ఇండెక్స్‌లో, అంటే ప్యాకేజీలు దొరికే దాని సొంత సర్వర్లో, ఉండేది. ఎవరైనా ప్యాకేజీ పెట్టగల పైథాన్ ఉమ్మడి ఇండెక్స్ పైపీఐలో ఆ పేరు అప్పటిదాకా ఎవరూ తీసుకోలేదు. ఒకరు తీసుకుని నకిలీ ప్యాకేజీ పెట్టారు. పైటార్చ్ సర్వర్ జోలికి వెళ్లాల్సిన పనే లేకపోయింది. ఆ ప్యాకేజీలోని ట్రైటాన్‌ను ప్రోగ్రాంలోకి ఇంపోర్ట్ చేయగానే ఆ నకిలీ కోడ్ యూజర్ పేరు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, వేరే సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ కీలు, హోమ్ డైరెక్టరీలో మొదటి 1000 ఫైళ్లు పోగుచేసి వెబ్‌సైట్ చిరునామాలు వెతికే డీఎన్ఎస్ క్వెరీల రూపంలో బయటికి పంపింది. తాను భద్రతా పరిశోధకుణ్ణని, డేటా చెరిపేశానని ఆ వ్యక్తి తర్వాత చెప్పుకున్నాడు. కీలు పోయినవాళ్లకు అది ఏ ఊరటా కాదు.

స్టేబుల్ వెర్షన్ వాడేవాళ్లకు ఏమీ కాలేదు. దెబ్బ తిన్నది, రేపటి విడుదలలో తప్పులు ముందే పట్టిద్దామని నైట్లీ వేసుకున్నవాళ్లకే.

నిజానికి హెచ్చరిక ముందే వచ్చింది. 2021 ఫిబ్రవరిలో భద్రతా పరిశోధకుడు అలెక్స్ బిర్సాన్ ఇదే కిటుకుతో ఆపిల్, మైక్రోసాఫ్ట్ సహా 35కు పైగా సంస్థల లోపలికి వెళ్లగలిగానని చూపించాడు. కమాండ్‌లో ఎక్స్‌ట్రా ఇండెక్స్, అంటే పైపీఐతో పాటు ఇంకో ఇండెక్స్‌లోనూ వెతకమనే ఆప్షన్, ఇస్తే పిప్ దేనికీ ప్రాధాన్యం ఇవ్వదు, అన్నిట్లోనూ వెతికి పెద్ద వెర్షన్ నంబరున్నది ఎంచుకుంటుంది. సొంత ఇండెక్స్‌లోని ప్యాకేజీలు తెచ్చుకోవడానికి ఆ ఆప్షన్ సురక్షితం కాదని పిప్ డాక్యుమెంటేషన్ చెబుతుంది, పిప్ నిర్వాహకుల వాదనా అదే.

కానీ టెస్టర్ డాక్యుమెంటేషన్ చదివి కమాండ్ రాసుకోడు. ప్రాజెక్టు పేజీలో ఉన్న ఒక్క లైన్ కాపీ చేసుకుంటాడు. ఆ లైన్‌లోనే ఎక్స్‌ట్రా ఇండెక్స్ ఉంటే అతణ్ణి తప్పుపట్టడం న్యాయం కాదు. ప్యాకేజీలపై డిజిటల్ సంతకాలు పెడితే సరిపోతుందనే మాటా ఇక్కడ నిలవదు. పైపీఐలో ఆ పేరు అప్పటికి నకిలీదారు సొంతం. సంతకం అడిగి ఉంటే అతనే పెట్టేవాడు.

పైటార్చ్ ఆ డిపెండెన్సీ పేరును పైటార్చ్-ట్రైటాన్‌గా మార్చింది, పైపీఐలో ఆ కొత్త పేరుతో ఒక ఖాళీ ప్యాకేజీ పెట్టి అట్టేపెట్టుకుంది. ఇప్పుడు దాని కమాండ్ పైటార్చ్ ఇండెక్స్ ఒక్కదాన్నే చూస్తుంది, కావాల్సిన డిపెండెన్సీలను అక్కడే ఉంచుతోంది. యూవీ అనే కొత్త ఇన్‌స్టాలర్ అయితే, పేరు మొదట ఏ ఇండెక్స్‌లో కనిపిస్తే అక్కడే ఆగుతుంది. రెండు చోట్ల ఒకే పేరుండి, అవి ఒకే ప్రాజెక్టువని ఇండెక్సులు చెప్పకపోతే ఇన్‌స్టాలర్ ఆగిపోవాలని 2023లో పెప్ 708 అనే పైథాన్ మార్పుల పత్రం ప్రతిపాదించింది. దానికి దక్కింది షరతులతో కూడిన తాత్కాలిక ఆమోదమే.

డిపెండెన్సీలన్నీ సొంత సర్వర్లో పెట్టుకోవడం పైటార్చ్‌కు చెల్లింది. ఇద్దరు వలంటీర్లతో నడిచే ప్రాజెక్టుకు అది అయ్యే పని కాదు. అలాంటివాళ్లు ఇచ్చే కమాండ్‌లో ఎక్స్‌ట్రా ఇండెక్స్ ఇంకా ఉండటానికి కారణం అదే.