ఫిన్‌లాండియా ఎవరి పాట?

ఫిన్‌లాండ్ జాతీయగీతానికి బాణీ కట్టిన ఫ్రెడ్రిక్ పాసియస్ జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టాడు. ఎస్టోనియా జాతీయగీతానిదీ అదే బాణీ. అయినా ఫిన్‌లాండ్ సంగీతం అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది స్వరకర్త జాన్ సిబెలియస్ ఆర్కెస్ట్రా కోసం రాసిన 'ఫిన్‌లాండియా'.

అది పుట్టిన రోజుల్లో ఫిన్‌లాండ్ రష్యా చక్రవర్తి (జార్) కింద ఉన్నా, సొంత పాలన ఉండేది. 1899 ఫిబ్రవరిలో జార్ రెండో నికొలస్ ఫర్మానా తెచ్చి ఆ పాలనకు కత్తెర వేశాడు. ఐదు లక్షలకు పైగా జనం సంతకాలు చేసిన అర్జీ పట్టుకెళ్తే, జార్ వాళ్లను కలవనే లేదు. పత్రికల మీద సెన్సార్ బిగిసింది.

నవంబర్‌లో హెల్సింకిలో పాత్రికేయుల పింఛను నిధి కోసమని ఉత్సవాలు పెట్టారు. పింఛను పేరుకే, అసలు సంగతి సెన్సార్ మీద నిరసనేనని అందరికీ తెలుసు. 4వ తేదీన స్వీడిష్ థియేటర్‌లో దేశ చరిత్రను ఘట్టాలుగా వేదిక మీద నిలబెట్టి చూపించారు. సంగీతం సిబెలియస్‌ది. 'ఫిన్‌లాండ్ మేలుకుంటోంది' అనే ఆఖరి ఘట్టంలో కవులు, పండితులతో పాటు దేశపు తొలి రైలింజన్‌కూ చోటిచ్చారు! ఆ ఘట్టపు సంగీతంలో ఇత్తడి వాద్యాలు గుర్రుమంటూ మొదలవుతాయి, టింపనీ అనే పెద్ద డోళ్ల దరువు తోడవుతుంది, చివరికొచ్చేసరికి ప్రార్థనలాంటి నెమ్మదైన బాణీ వినిపిస్తుంది. ఆ ఘట్టపు సంగీతాన్నే 1900లో సవరించి 'ఫిన్‌లాండియా' చేశాడు. ఆ ఏడాదే హెల్సింకి ఆర్కెస్ట్రా పారిస్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్తూ దాన్ని యూరప్‌లో వినిపించింది. రష్యా ఏలుబడిలోని ఊళ్లలో మాత్రం 'ఇంప్రామ్‌ట్యూ' (అప్పటికప్పుడు కట్టినది) లాంటి అమాయకపు పేరు తగిలించి వాయించాల్సి వచ్చేది.

ఇందులో ఫిన్‌లాండ్ మట్టివాసన ఉందని చాలామంది అంటారు. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. సిబెలియస్ ఇంటి భాష స్వీడిష్, పైచదువు బెర్లిన్, వియన్నాల్లో. ఆ నెమ్మది బాణీ జానపదమేనని జనం నమ్మితే, అది తన సొంతమని ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. దాన్ని ఫిన్‌లాండ్‌ది చేసింది 1899 నాటి ఉక్కపోత. ఇప్పుడు అందరూ పాడుకునే ఫిన్నిష్ మాటలు 1940లో గానీ రాలేదు.

పరిస్థితి ఇచ్చిన గుర్తింపు కాబట్టే కాబోలు, బాణీ తేలిగ్గా ఊళ్లు దాటింది. అమెరికా, బ్రిటన్ చర్చిల్లో భక్తిగీతమైంది. 1967లో నైజీరియా నుంచి విడిపోయిన బయాఫ్రా ఏకంగా దాన్నే జాతీయగీతం చేసుకుంది. మాటలు నైజీరియా తొలి అధ్యక్షుడు నమ్‌డీ అజికివే రాసినవి. 1969లో ఆయనే మళ్లీ నైజీరియా పక్షాన చేరాడు, మరుసటి జనవరిలో బయాఫ్రా లొంగిపోయింది.