బ్యాంకు పింఛనుదారుల వైద్య బీమా: 2015 మే 25న ఏం రాసుకున్నారు?

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో పనిచేసి రిటైరైన వారికి అక్టోబరు నెల ఒక పరీక్ష. భారతీయ బ్యాంకుల సంఘం (ఐబీఏ) కుదిర్చిన గ్రూపు వైద్య బీమా ఆ నెల 31తో ముగుస్తుంది. నవంబరు 1 నుంచి కొత్త పాలసీ. కొనసాగాలా, మానుకోవాలా, కొనసాగితే ఎంత మొత్తానికి తీసుకోవాలి అన్నది కొద్ది రోజుల్లో తేల్చి బ్యాంకుకు తెలియజేయాలి. ప్రీమియం సంగతిపై ఏటా గొడవ జరుగుతూనే ఉంది. 2025 సెప్టెంబరు 22న వైద్య బీమాపై జీఎస్టీ తొలగించడంతో అది మరింత రాజుకుంది. మినహాయింపు వ్యక్తిగత, కుటుంబ పాలసీలకు ఇచ్చారు. గ్రూపు పాలసీలను అందులో చేర్చలేదు. పింఛనుదారుల పాలసీ పేరుకు గ్రూపు పాలసీ, ప్రీమియం మాత్రం ఎవరి జేబులోంచి వారు కట్టేదే. పొరుగింటాయన సొంతంగా కొనుక్కున్న పాలసీకి లేని 18 శాతం పన్ను తమకెందుకన్నది వారి ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనదే. అయితే అసలు మెలిక పన్నులో లేదు, పదేళ్ల కిందటి ఒక ఒప్పందంలో ఉంది.

అంతకుముందు సిబ్బంది పెట్టిన ఆస్పత్రి ఖర్చును ఏ బ్యాంకుకు ఆ బ్యాంకే తిరిగి చెల్లించేది. అసలు మలుపు 2015 మే 25న వచ్చింది. ఆ రోజు ఐబీఏ, ఉద్యోగ సంఘాలు జీతభత్యాలపై కుదుర్చుకునే ద్వైపాక్షిక ఒప్పందాల్లో పదో దానిపై సంతకాలు చేశాయి. పాత రీయింబర్స్‌మెంటు పద్ధతి స్థానంలో దాదాపు అన్ని బ్యాంకులకూ కలిపి ఒకే వైద్య బీమా వచ్చింది. అధికారులకు 4 లక్షలు, మిగతా సిబ్బందికి 3 లక్షలు. చేరిన రోజు నుంచే పాత జబ్బులకు కూడా వర్తింపు, నిరీక్షణ కాలం లేదు. మధుమేహం, రక్తపోటు, క్యాన్సర్ వంటి వాటికి ఆస్పత్రిలో చేరకుండా ఇంటి దగ్గరే తీసుకునే చికిత్స ఖర్చు కూడా ఇస్తారు. దీన్నే అందరూ డొమిసిలియరీ అంటారు. అరవై దాటినవారికి బయట ఎక్కడా దొరకనంత మంచి పాలసీ అది.

పథకం ఇప్పటికే రిటైరైన వారికీ, వారి జీవిత భాగస్వాములకూ వర్తిస్తుందని ఒప్పందంలో రాశారు. దాని వెంటే ఒక షరతు పెట్టారు: నిర్ణయించిన ప్రీమియం వారే కట్టుకోవాలి. సర్వీసులో ఉన్నవారి ప్రీమియం బ్యాంకు కడుతుంది, రిటైరైన తరువాత ఆ బాధ్యత లేదు. అదే రోజు రాసుకున్న మరో చర్చల పత్రంలో ఐబీఏ తన వైఖరిని దాపరికం లేకుండా చెప్పింది. రిటైరైన వారికీ బ్యాంకులకూ మధ్య ఒప్పంద సంబంధం ఏదీ లేదు, వారి కోర్కెలను సంక్షేమ చర్యగా మాత్రమే పరిశీలించగలం అని దాని సారాంశం. ముప్పై, నలభై ఏళ్ల సర్వీసు తరువాత దక్కే వైద్యం హక్కు కాదు, దయ అని తేల్చేసిన రోజు అది. అక్కడ సంతకాలు చేసిన సంఘాలు ప్రధానంగా సర్వీసులో ఉన్నవారివి. రిటైరైన వారి సంఘాలకు ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు, ఈనాటికీ లేదు.

తొలి ఏడాది ఆ షరతు ఎవరికీ బరువనిపించలేదు. యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ పాలసీ ఇచ్చింది. సేవా పన్నుతో కలిపి అధికారికి 7,493 రూపాయలు, మిగతా వారికి దాదాపు 5,620. భార్యాభర్తలిద్దరికీ కలిపి ఇంత తక్కువకు వస్తుంటే కాదనేవారెవరు? అప్పటికే ప్రైవేటు పాలసీలు ఉన్నవారిలో కొందరు వాటిని వదిలేసి ఇందులోకి వచ్చారు. ఆ నిర్ణయమే తరువాత వారి చేతులు కట్టేసింది.

సర్వీసులో ఉన్నవారి పాలసీ వేరు, పింఛనుదారుల పాలసీ వేరు కావడంతో లెక్క మారింది. ముప్పై ఏళ్ల గుమస్తా, డెబ్బై ఏళ్ల విశ్రాంత మేనేజరు ఒకే గుంపులో ఉంటే ఒకరి ఆరోగ్యం మరొకరి జబ్బుకు ఆసరా అవుతుంది. బీమా అంటే అసలు అదే. వృద్ధులనే విడదీసి ఒక గుంపు చేస్తే క్లెయిములు వసూళ్లను మించుతాయి, మరుసటి ఏడాది ప్రీమియం పెరుగుతుంది. పెరగగానే ఆరోగ్యంగా ఉన్నవారు తప్పుకుంటారు. మిగిలేది ఎక్కువగా జబ్బులున్నవారు, అంటే మళ్ళీ పెంపు. కొన్నేళ్లకే డొమిసిలియరీ ఉన్న పాలసీ, లేని పాలసీ అని రెండుగా చీల్చి వేర్వేరు ధరలు పెట్టారు. మందుల ఖర్చు ఎక్కువగా ఉండేవారికి అత్యవసరమైనదే అందరికన్నా ఖరీదైపోయింది. ఆపైన అసలు పాలసీ మొత్తం దాటిన ఖర్చుకు వర్తించే సూపర్ టాప్‌అప్, తక్కువ మొత్తపు బేసిక్ పాలసీ వచ్చాయి. పదేళ్లలో ప్రీమియం మొదటి ఏటికి అనేక రెట్లయింది.

ఐబీఏ వాదన వినకుండా తీసిపారేయలేం. వయసుతో క్లెయిములు పెరగడం సహజం, నష్టానికి పాలసీ ఇవ్వమని ఏ కంపెనీనీ బలవంతం చేయలేం, ధర మేం పిలిచిన కంపెనీలు కోట్ చేసిందే అంటుంది. అంకెల వరకు నిజమే. అయితే ఆ గుంపును విడిగా నిలబెట్టింది ఎవరన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

మరోపక్క పింఛను సంగతి. బ్యాంకు పింఛను 1995 నిబంధనల కింద నడుస్తోంది. కరవు భత్యం మారుతుంది గాని, వేతన ఒప్పందం జరిగినప్పుడల్లా పాత పింఛనుదారుల మూల పింఛనును సవరించే పద్ధతి లేదు. 2024 మార్చి 8న పన్నెండో ఒప్పందం కుదిరినప్పుడు నెలనెలా కొంత ఎక్స్‌గ్రేషియా ఇవ్వడానికి ఒప్పుకున్నారు, పింఛను సవరణ మాత్రం పెండింగులోనే ఉండిపోయింది. కాబట్టి 2002లో రిటైరైన అధికారి ప్రీమియం కట్టేది 2002 నాటి మూల వేతనం లెక్కన వచ్చే పింఛనులోంచి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు నెలకు 650 రూపాయల చందా శ్రేణిలో ఉంటే పదేళ్ల చందా 78,000 ఒకేసారి కట్టి జీవితాంతం కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం (సీజీహెచ్ఎస్) కార్డు పొందుతాడు. పోలిక పెట్టి చూసుకునేవారికి కడుపు మండడంలో వింతేముంది?

బయటికి వెళ్లే దారులు లేవా అంటే ఉన్నాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి వైద్య బీమాలో చేరడానికి 65 ఏళ్ల పరిమితి అన్నది లేదు. పాత జబ్బులకు నిరీక్షణ గరిష్ఠంగా 36 నెలలకు తగ్గింది. వృద్ధుల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని 2025 జనవరిలో హైదరాబాదులోని బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. అయినా స్టెంటు వేయించుకున్న 68 ఏళ్ల మనిషికి కొత్త పాలసీ ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టమే. ఇచ్చినా ఆ 36 నెలలు గుండె జబ్బుకు రక్షణ ఉండకపోవచ్చు. గ్రూపు పాలసీలో ఆ బెడద లేదు. అందుకే తిట్టుకుంటూనే ఎక్కువమంది అందులో ఉంటున్నారు. ఒకసారి వదిలితే తిరిగి చేరే వీలు సాధారణంగా ఉండదన్న భయం కూడా తోడైంది.

2024 అక్టోబరు 29న 70 ఏళ్లు నిండిన వారందరికీ ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల వరకు ఆస్పత్రి చికిత్సకు కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు మొదలయ్యాక, ఇక ఈ ప్రీమియం ఎందుకని అడిగేవారు పెరిగారు. ప్రైవేటు పాలసీ ఉన్నా ఆ కార్డు తీసుకోవచ్చు. కాని భర్తకు 72, భార్యకు 64 అయితే ఆమెకు వయసు ద్వారా వచ్చే ఈ కార్డు వర్తించదు. పథకంలో చేరని ఆస్పత్రిలో చెల్లదు. నెలనెలా కొనే మందులకు పనికిరాదు. భార్య కోసమైనా గ్రూపు పాలసీ ఉంచుకోవడం మంచిదన్నది అనుభవజ్ఞుల మాట. డెబ్బై దాటిన వ్యక్తి కార్డు తీసుకుని బేసిక్ మొత్తాన్ని తగ్గించుకుంటే భారం కొంత దిగుతుంది.

సర్వీసులో ఉన్నవారితో కలిపి ఒకే పాలసీ చేయాలి, లేదా ప్రీమియం బ్యాంకులే భరించాలి అన్నవి విశ్రాంత సంఘాల పాత కోర్కెలు. రెండూ చివరికి 2015 నాటి ఆ పత్రం దగ్గరే ఆగిపోతున్నాయి. మధ్యేమార్గంగా కొన్ని బ్యాంకులు సిబ్బంది సంక్షేమ నిధిలోంచి ప్రీమియంలో కొంత తిరిగి ఇస్తున్నాయి. ఎంత ఇవ్వాలన్నది ఒక్కో బ్యాంకు ఇష్టం. స్టేట్ బ్యాంకుకు మొదటినుంచీ వేరే పథకం ఉంది. ఆంధ్రా బ్యాంకులో జీవితమంతా పనిచేసి రిటైరైన వారు మాత్రం 2020 ఏప్రిల్ 1 నాటి విలీనం తరువాత ఆ సాయం ఏపాటిదో తెలుసుకోవడానికి ప్రతి అక్టోబరులో యూనియన్ బ్యాంకు సర్క్యులర్ కోసం ఎదురుచూడవలసి వస్తోంది.