ప్రాసెస్డ్ ఫుడ్: డైటీషియన్‌గా నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నా దగ్గరికి సలహా కోసం వచ్చేవాళ్లలో రెండు రకాల వాళ్లు ఎక్కువ. ప్యాకెట్ కనిపిస్తే చాలు, అది పాల ప్యాకెట్ అయినా సరే అనుమానంగా చూసేవాళ్లు ఒక రకం. ప్యాకెట్ మీద ‘నేచురల్’ అనో ‘మల్టీగ్రెయిన్’ అనో ఉంటే ఇక ఎంత తిన్నా ఫర్వాలేదని ధీమాగా ఉండేవాళ్లు రెండో రకం. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. పొలం నుంచి మీ పళ్లెంలోకి వచ్చేలోపు ఆ పదార్థంలోంచి ఏం తీసేశారు, కొత్తగా ఏం కలిపారు, దాని సహజమైన రూపం ఎంత మిగిలింది అన్నది చూడండి. కింద చెప్పేవన్నీ ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరిగేవే.

అపోహ: ప్రాసెస్ చేశారంటే ఆరోగ్యానికి చేటే

కడగడం, ఎండబెట్టడం, పిండి పట్టడం, పులియబెట్టడం, గడ్డకట్టించడం అన్నీ ప్రాసెసింగే. పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లబరిస్తే క్షయ, సాల్మొనెల్లా లాంటి జబ్బులు తెచ్చే క్రిములు చచ్చిపోతాయి. ఉప్పులో అయోడిన్ కలపడం వల్ల ఎన్నో దేశాల్లో గాయిటర్ (గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి ఉబ్బడం) తగ్గుముఖం పట్టింది. వీటిని కూడా చెడ్డవాటి ఖాతాలో వేసేస్తే నష్టపోయేది మనమే.

ఈ గందరగోళానికి బ్రెజిల్‌లోని సావో పాలో యూనివర్సిటీకి చెందిన కార్లోస్ మోంటీరో బృందం 2009 నుంచి ఒక దారి చూపుతూ వచ్చింది. ‘నోవా’ అనే ఆ పద్ధతిలో ఆహారాన్ని నాలుగు గుంపులు చేస్తారు. మొదటిది ఉన్నదున్నట్టుగా లేదా అతి తక్కువ మార్పుతో దొరికేవి: పండ్లు, కూరగాయలు, ధాన్యాలు, పప్పులు, గుడ్లు, పాలు, చేపలు, గింజలు. రెండోది వంటలో వాడే నూనె, ఉప్పు, చక్కెర లాంటివి. ఈ రెండు గుంపుల్నీ కలిపి చేసిన సాదా చీజ్, సాదా బ్రెడ్, డబ్బాలో నిల్వ చేసిన చేపలు మూడోది. ఇక నాలుగోది అల్ట్రా ప్రాసెస్డ్, అంటే ఫ్యాక్టరీలో విపరీతంగా మార్చి తయారుచేసినవి. మన బాధంతా దీంతోనే.

నాలుగో గుంపును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ప్యాకెట్ వెనక ఇంట్లో ఎవరూ వాడని పేర్లు కనిపిస్తాయి: మాల్టోడెక్స్‌ట్రిన్, ఇన్వర్ట్ సిరప్, ప్రోటీన్ ఐసోలేట్, ఎమల్సిఫైయర్లు, ఫ్లేవర్లు, రంగులు. కూల్‌డ్రింక్స్, చిప్స్, క్రీమ్ బిస్కెట్లు, ఇన్‌స్టంట్ నూడుల్స్, సాసేజ్‌లు ఎక్కువగా ఇందులోకే వస్తాయి. ఈ వర్గీకరణకూ పరిమితులు లేకపోలేదు. తల్లిపాలు అందని పసిబిడ్డకు ఇచ్చే ఫార్ములా పాలపొడి కూడా ఇందులో నాలుగో గుంపే, కానీ ఆ బిడ్డకు అది ప్రాణాధారం. కాబట్టి నోవాను దారి చూపే గుర్తుగా వాడుకోవాలి గానీ తీర్పుగా తీసుకోకూడదు.

అపోహ: కేలరీలు లెక్క చూసుకుంటే చాలు, ఏం తిన్నా ఒకటే

ఇది చదువుకున్నవాళ్ల దగ్గర ఎక్కువగా వింటాను. దీనికి నేను చెప్పే మొదటి సమాధానం, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగం. 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం, ఇంకో రెండు వారాలు ప్రాసెస్ చేయని ఆహారం పెట్టారు. రెండు రకాల భోజనాల్లోనూ కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా ఉండేలా చూసి వడ్డించారు. అల్ట్రా ప్రాసెస్డ్ వైపు పీచు సరిపోక, దాన్ని పానీయాల్లో విడిగా కలపాల్సి వచ్చింది! ఎంత తినాలన్నది మాత్రం వాళ్ల ఇష్టానికే వదిలేశారు.

అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో సగటున 0.9 కిలోల బరువు పెరిగారు. ప్రాసెస్ చేయని ఆహారం మీద అంతే బరువు తగ్గారు. ఇది చిన్న ప్రయోగం, జరిగింది కొద్ది రోజులే. అయినా తిండిని కొలిచి ఇచ్చి చేసిన ప్రయోగం కాబట్టి దీనికి విలువ ఎక్కువ. తిండి మీద అదుపు లేదని తమను తాము తిట్టుకునేవాళ్లకు నేను ఇది తప్పకుండా చెబుతాను. ఎవరి ముందు పెట్టినా ఎక్కువ తినిపించే ఆహారం అది. అందులో తినేవాళ్ల తప్పు వెతకడం అన్యాయం.

ఎందుకు ఎక్కువ తిన్నారు? ఆ ప్రయోగంలోనే తేలిన విషయం, వాళ్లు ఆ ఆహారాన్ని వేగంగా తిన్నారు. మెత్తగా ఉంటుంది, నమలాల్సిన పని తక్కువ, కొద్ది ముద్దలోనే కేలరీలు ఎక్కువ. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరేలోపే పళ్లెం ఖాళీ అవుతుంది.

ఇదే సంగతిని యాపిల్‌తో చూపించిన ప్రయోగం ఒకటి 1977లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మొత్తం యాపిల్ ముక్కలు, దాని గుజ్జు, దాని రసం, ఈ మూడింటినీ చక్కెర సమానంగా ఉండేలా ఇచ్చారు. రసం తాగడం, యాపిల్ తినడం కన్నా 11 రెట్లు వేగంగా ముగిసింది. కడుపు నిండిన భావన యాపిల్ తిన్నప్పుడు ఎక్కువ, గుజ్జుకు తక్కువ, రసానికి ఇంకా తక్కువ. రసం తాగాక ఇన్సులిన్ ఎక్కువగా పెరిగింది, తర్వాత రక్తంలో చక్కెర కిందికి జారింది. పండు అదే, మారింది రూపం ఒక్కటే.

బాదం గింజల విషయమూ ఇలాంటిదే. 28 గ్రాముల బాదంలో సుమారు 170 కేలరీలు ఉంటాయని లెక్క కట్టేవారు. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మనుషుల మీద కొలిస్తే శరీరానికి అందినవి 129 మాత్రమే. గింజ కణాల గోడల మధ్య చిక్కుకున్న కొవ్వు కొంత జీర్ణం కాకుండానే బయటికి పోతుంది.

అపోహ: పొట్టు తీసినా తర్వాత విటమిన్లు కలుపుతారు కదా

1890లలో జావా దీవిలో క్రిస్టియాన్ ఐక్మన్ అనే డాక్టర్, పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం గమనించారు. పొట్టు తీయని బియ్యం పెడితే అవి కోలుకున్నాయి. మనుషుల్లో నరాలను దెబ్బతీసే బెరిబెరి వ్యాధికి మూలం తెలియడానికి బాట వేసినందుకు ఆయనకు 1929లో నోబెల్ వచ్చింది. తవుడుతోపాటు పోయింది థయామిన్ (విటమిన్ బి1) అని తర్వాత తేలింది. ఇప్పుడు చాలా చోట్ల తెల్ల పిండిలో థయామిన్, ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలుపుతున్నారు. అది నిజంగా మంచి పని. కానీ తవుడు, గింజలోని మొలకెత్తే భాగంతో పోయిన పీచు, మెగ్నీషియం, మంచి కొవ్వులు వాటితో తిరిగి రావు. తీసేసినవి చాలా, తిరిగి వేసేవి కొన్నే.

అపోహ: గోధుమ రంగులో ఉంది, మల్టీగ్రెయిన్ అని రాసి ఉంది, ఇంకేం కావాలి?

దయచేసి ప్యాకెట్‌ను తిప్పండి. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు వస్తుంది. ‘మల్టీగ్రెయిన్ బిస్కెట్’ జాబితా ఒకటి తీసుకుని నెమ్మదిగా చదవండి. మొదట మైదా, తర్వాత చక్కెర, తర్వాత నూనె. ఆ తర్వాత ఎక్కడో ఓట్స్, రాగి, పక్కనే చిన్న శాతం. కొంచెం కిందికి వెళ్తే ఇన్వర్ట్ సిరప్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, ఇవీ చక్కెర రూపాలే. ఒకే చక్కెర మూడు నాలుగు పేర్లతో విడిపోతే, దేనికదే తక్కువై జాబితాలో కిందికి జారిపోతుంది. అన్నీ కలిపితే అది జాబితాలో ఇంకా పైన ఉండాల్సిన పదార్థం. బ్రెడ్‌కు గోధుమ రంగు కారమెల్ (మాడ్చిన చక్కెర రంగు) వల్ల కూడా రావచ్చు. ‘హోల్ వీట్’ (పొట్టు తీయని గోధుమ) పిండి మొదటి పదార్థంగా ఉందా లేదా అన్నదే లెక్క.

తర్వాత సోడియం చూడండి. ఆ అంకెను 2.5తో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ‘ఒక సర్వింగ్‌కు’ అన్న అంకెల జోలికి పోకండి, ఆ సర్వింగ్ రెండు బిస్కెట్లు కావచ్చు. రెండుతో ఆగేవాళ్లు ఎంతమంది? 100 గ్రాముల లెక్కతోనే ఒక ప్యాకెట్‌ను ఇంకో ప్యాకెట్‌తో పోల్చండి.

అపోహ: తేనె, పండ్ల రసం సహజమైనవి, అవి చక్కెర కిందికి రావు

వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో తేనె, సిరప్‌లు, పండ్ల రసాల్లోని చక్కెర, మనం కలుపుకునే చక్కెర అన్నీ ఒకే గుంపు. రోజుకు 2000 కేలరీలు తినేవాళ్లకు ఇవన్నీ కలిపి 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మంచిది. 330 మిల్లీలీటర్ల కోలా ఒక్కటే దాదాపు 35 గ్రాములు. మొత్తం పండులోని చక్కెర ఈ లెక్కలోకి రాదు, పండు నిశ్చింతగా తినండి. షుగర్ ఉన్నవాళ్లు కూడా ఒకేసారి ఎంత తినాలో చూసుకుని తినవచ్చు.

షుగర్ ఫ్రీ తీపి మీద ఆశ పెట్టుకునేవాళ్లకు ఒక మాట. బరువు తగ్గడం కోసం అలాంటి స్వీటెనర్లు వాడవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకు ఆ సూచన వర్తించదు.

అపోహ: ఫ్రీజర్‌లో పెట్టిన కూరగాయల్లో సారం ఉండదు

కోసిన కొద్ది గంటల్లోనే వేడినీళ్లలో ముంచి గడ్డకట్టిస్తారు. అప్పుడు విటమిన్ సి కొంత పోతుంది. కానీ నాలుగైదు రోజులు బయట వాడిపోయిన ఆకుకూరలో పోయేది అంతకన్నా తక్కువేం కాదు. ఉప్పు, సాస్ కలపనివి చూసి తీసుకోండి, చాలు.

అపోహ: పచ్చిగా తింటేనే పోషకాలు

టమాటాను కొద్దిగా నూనెతో ఉడికిస్తే అందులోని లైకోపీన్ అనే ఎర్రటి పోషకం శరీరానికి ఎక్కువగా అందుతుంది. రాజ్మా అయితే పచ్చిది, సగం ఉడికినది తింటే వాంతులే. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, బాగా మరిగించాల్సిందే.

అపోహ: మారాలంటే వంటగది మొత్తం ఒకేరోజు ఖాళీ చేయాలి

అలా చేసినవాళ్లలో చాలామంది మళ్లీ పాత తిండికే రావడం నేను చూస్తున్నాను. వండటానికి టైమ్ పడుతుందన్నది నిజమైన ఇబ్బంది, దాన్ని కొట్టిపారేయను. అందుకే నేను వరుస చెబుతాను. ముందు తీపి పానీయాలు. అవి కడుపు నింపవు, మానేస్తే నష్టమేమీ లేదు. తర్వాత సాసేజ్, బేకన్ లాంటి నిల్వ మాంసాలు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో వీటిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని దాని అంచనా. ఆ తర్వాత సాయంత్రం చిరుతిండి. చిప్స్ ఉండే చోట ఉడికించిన గుడ్డో, గుప్పెడు గింజలో, కోసి పెట్టుకున్న పండో ఉంచండి. ధాన్యం, పప్పులు ఒకసారి ఎక్కువగా ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు రోజులు టెన్షన్ ఉండదు.

అపోహ: సహజమైనదే కదా, ఎవరైనా ఎంతైనా తినొచ్చు

ఈ మాటకు నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడతాను. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం, గ్యాస్ ఖాయం. రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచుతూ నీళ్లు కూడా పెంచాలి. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు అరటిపండు, బంగాళాదుంప, టమాటాల్లోని పొటాషియం ప్రమాదం తేవచ్చు. వాళ్ల డైట్ రక్తపరీక్షల రిపోర్టు చూశాకే రాయాలి. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచితే వాటిలోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. వాళ్లు ఆకుకూర మానక్కర్లేదు, ప్రతివారం ఒకే మోతాదులో తింటే సరి. పూర్తి శాకాహారులై పాలు కూడా ముట్టనివాళ్లకు బి12 కలిపిన ఆహారమో మాత్రలో తప్పవు. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించడం బొటులిజం (క్రిముల విషంతో వచ్చే ప్రాణాంతక జబ్బు) ముప్పు వల్ల అసలే వద్దు.

ఇక మధుమేహానికి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ల సంగతి. అలవాటైన బ్రెడ్డు, బిస్కెట్లు, జ్యూస్ మానేసి పప్పులు, కూరగాయలకు మారితే షుగర్ తగ్గుతుంది, పాత డోసు మాత్రం అలాగే ఉంటుంది. దాంతో షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. తిండి మార్చడానికి ముందే డాక్టర్‌కు చెప్పి డోసు సరిచూయించుకోండి, మొదటి రెండు వారాలు ఇంట్లో షుగర్ తరచుగా చూసుకోండి.