ఇద్దరికి రాత్రి వంట: కూరగాయల చుట్టూ అల్లుకున్న అపోహలు, వాస్తవాలు

ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే ఇళ్లలో రోజు మొత్తం మీద తీరికగా కూర్చుని, ఇంట్లో వేడిగా వండుకుని తినే భోజనం చాలావరకు రాత్రిదే. పొద్దుటి టిఫిను హడావుడిలో ముగుస్తుంది, మధ్యాహ్నం డబ్బాతోనో ఆఫీసు క్యాంటీనుతోనో గడిచిపోతుంది. అందువల్ల రోజుకు కావలసిన కూరగాయల్లో సగమైనా రాత్రి కంచంలో ఉండాలి. ఆహార సలహాల కోసం నా దగ్గరకు జంటగా వచ్చేవారిని, రాత్రి కూరకు ఇద్దరికీ కలిపి ఎంత కూరగాయ తరుగుతారని ముందుగా అడుగుతాను. సాధారణంగా వచ్చే సమాధానం పావుకిలో. ఆ పావుకిలో ఎందుకు చాలదో, దాన్ని పెంచుకోకుండా అడ్డుపడుతున్న నమ్మకాలు ఏమిటో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రోజూ కూర తింటూనే ఉన్నాం కాబట్టి కూరగాయలకు లోటు లేదు.

వాస్తవం: హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తీసుకునే వ్యక్తికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, వాటికి తోడు 100 గ్రాముల పండ్లు కావాలి. ఈ 400 గ్రాముల లెక్కలో ఆలుగడ్డ చేరదు. అందులో సగం రాత్రికి కేటాయిస్తే ఒక్కొక్కరికి 200 గ్రాములు, ఇద్దరికీ కలిపి 400 గ్రాములు, అదీ తొక్కలు, తొడిమలు, ముదురు కాడలు తీసేసిన తరువాతి బరువు. బజారు నుంచి తెచ్చిన పావుకిలో బీరకాయలు చెక్కి తరిగేసరికి ఒక్కొక్కరి వంతుకు వచ్చేది దాదాపు వంద గ్రాములే.

అయితే "రేపటి నుంచి రెట్టింపు వండండి" అని చెప్పినంత మాత్రాన ఆ కూర ఖర్చు కాదని అనుభవం మీద చెప్పగలను. మన కూరలకు ఉప్పు, కారం, పులుపు వేసేది వాటిని అన్నంలో కలుపుకుంటామన్న లెక్కతోనే. నాలుగు ముద్దల అన్నానికి ఒక చెంచా వేపుడు చాలేటట్టు వండిన కూరను ఒక్కరు 200 గ్రాములు తినడం సాధ్యం కాదు, ఒకవేళ తిన్నా రోజుకు 5 గ్రాములన్న ఉప్పు పరిమితి ఆ ఒక్క పూటలోనే చాలావరకు కరిగిపోతుంది. కాబట్టి కూర పరిమాణం పెంచేవారు ఉప్పు, కారాలను అదే నిష్పత్తిలో పెంచకూడదు. ముక్కకు పట్టే ఉప్పు మునుపటి కంటే మూడో వంతు తగ్గాలి, అప్పుడే కూరను కూరగా తినగలుగుతారు. వేపుడు కంటే పాలు పోసిన ఆనపకాయ, పెసరపప్పు వేసిన పొట్లకాయ, దప్పళం, ముక్కలు ఎక్కువగా వేసిన మజ్జిగ పులుసు, కాస్త కొబ్బరి చల్లిన బీన్స్ వంటివి ఈ పద్ధతికి బాగా ఒదుగుతాయి. ఆవకాయను మానమని నేను ఎవరికీ చెప్పను కానీ, ఆవకాయ వేసుకున్న రాత్రి కూరలో ఉప్పు ఇంకా తగ్గించమని మాత్రం తప్పకుండా చెబుతాను.

అపోహ: రాత్రిపూట అన్నం మాని చపాతీ తింటే అదే ఆరోగ్యకరమైన భోజనం.

వాస్తవం: వంద గ్రాముల బియ్యానికీ, వంద గ్రాముల గోధుమపిండికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు, రెండూ సుమారు 320 నుంచి 360 మధ్యనే ఉంటాయి. పాలిష్ పట్టిన బియ్యంతో పోలిస్తే గోధుమపిండిలో పీచు, మాంసకృత్తులు ఎక్కువన్నది నిజమే. ఒక్కొక్కటి 30 గ్రాముల పిండితో చేసిన మూడు చపాతీలకు సమానమైన బియ్యం వండితే దాదాపు పావుకిలో అన్నం అవుతుంది. చపాతీ వల్ల తగ్గామని చెప్పేవారిలో చాలామంది నిజానికి తగ్గించింది పరిమాణాన్ని.

తెలుగు ఇళ్లలో ఈ మార్పుతో మరొక నష్టం కూడా జరుగుతోంది. అన్నంతో పాటు పప్పుకూర, పులుసు, ఏదో ఒక కూర సహజంగా వచ్చేవి. చపాతీలోకి వచ్చేసరికి ఆలూ కుర్మా ఒక్కటే చాలనిపిస్తుంది, దాంతో కంచంలో ఆకుకూర కనిపించకుండా పోతుంది. తెలంగాణలో జొన్నరొట్టెకు తోడుగా ఆకుకూరలు, చిక్కుడు, వంకాయ కూరలు తినే అలవాటు దీనికంటే ఎంతో మేలైనది. మధుమేహం ఉన్నవారు ముందు కూర, పప్పు తిని, ఆ తరువాత అన్నమో రొట్టో తింటే భోజనానంతరం రక్తంలో చక్కెర పెరుగుదల కొంత నెమ్మదిస్తుంది.

అపోహ: భార్యాభర్తలిద్దరూ ఒకే వంట తింటారు కాబట్టి ఇద్దరి కంచాలూ ఒకేలా ఉండవచ్చు.

వాస్తవం: నా వృత్తిలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఈ ఒక్క విషయం మీదే ఖర్చవుతుంది. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం కూర్చుని పనిచేసే పురుషుడికి రోజుకు 2110 కేలరీలు, అలాగే పనిచేసే స్త్రీకి 1660 కేలరీలు సరిపోతాయి. ఇనుము విషయానికి వచ్చేసరికి లెక్క తలకిందులై, పురుషుడికి 19 మిల్లీగ్రాములు, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావాలి. అంటే దాదాపు 450 కేలరీలు తక్కువ తింటూ, 10 మిల్లీగ్రాముల ఇనుము ఎక్కువ సంపాదించుకోవలసిన పరిస్థితి ఆమెది. 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి, అదే వయసు పురుషులలో 25 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది.

ఈ నేపథ్యంలో చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, ఆయనకు కూర ముందుగా, ఎక్కువగా వడ్డించి, మిగిలిన కూరతో అన్నం, పెరుగు కలుపుకుని ఆమె ముగిస్తుంది. చదువుకుని, ఉద్యోగం చేస్తున్న జంటల్లోనూ ఈ అలవాటు ఎవరూ గమనించకుండానే కొనసాగడం చూస్తున్నాను. నేను చెప్పే మార్పు చాలా చిన్నది. వంట ఒకటే, కూర వాటా ఇద్దరికీ సమానం, తేడా అన్నంలోనే చూపించాలి. రెండు కంచాలూ ఒకేసారి వడ్డించుకుని ఒకేసారి కూర్చోవాలి. తోటకూర పప్పు, మెంతికూర పప్పు, శనగలు వేసిన వంకాయ కూర, నువ్వుల పొడి చల్లిన గోరుచిక్కుడు వంటివి వారంలో ఎక్కువ రాత్రులు ఉండేలా చూసుకోవాలి. శాకాహారంలోని ఇనుము ఒంటికి పట్టడం కష్టం, అయితే విటమిన్ సి దానికి బాగా సహాయపడుతుంది. అందుకే పొయ్యి దించిన తరువాత పిండిన నిమ్మరసానికి రుచిని మించిన ప్రయోజనం ఉంది. భోజనం ముగియగానే టీ, కాఫీ తాగితే ఆ ప్రయోజనం పోతుంది కనుక వాటికీ భోజనానికీ కనీసం గంట ఎడం ఉండాలి. అసలు రక్తహీనత ఉన్నట్టు పరీక్షలో తేలితే మాత్రం ఆహారం ఒక్కటే చాలదు, వైద్యులు ఇచ్చే మాత్రలు వాడవలసిందే.

అపోహ: వండితే పోషకాలన్నీ పోతాయి, పచ్చి సలాడే మేలు.

వాస్తవం: విటమిన్ సి, ఫోలేట్ వంటివి వేడికి, నీటికి కొంత నష్టపోతాయి. కానీ క్యారెట్‌లోని బీటా కెరోటిన్, టమాటాలోని లైకోపీన్ ఉడికినప్పుడు, కొంచెం నూనె తోడైనప్పుడు మరింత బాగా ఒంటికి అందుతాయి. పైగా ఒక్కరు 200 గ్రాముల పచ్చి ఆకులు నమలడం ఎంత కష్టమో, అంతే తోటకూరను ఉడికించి తినడం అంత తేలిక. పచ్చివి తినాలనిపిస్తే కీర దోసకాయ, ఉల్లి, క్యారెట్ తురుము కంచం పక్కన ఉంచుకోండి, వాటి కోసం కూరను వదులుకోకండి.

పోషకాలు పోయేది ప్రధానంగా పద్ధతి వల్ల. తరిగిన ముక్కలను నీళ్లలో నానబెట్టడం, ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని వంపేయడం, పొయ్యి మీద గంటల తరబడి ఉంచడం నష్టం కలిగిస్తాయి. కడిగిన తరువాతే తరగాలి, మూత పెట్టి తక్కువ నీటితో మగ్గించాలి, మిగిలిన నీరుంటే పప్పులోనో పులుసులోనో పోయాలి. ప్రెషర్ కుక్కర్ పోషకాలను చంపేస్తుందన్న భయం అనవసరం, సమయం, నీరు రెండూ తక్కువే కనుక తెరిచిన గిన్నెలో చాలాసేపు ఉడికించడం కంటే అదే నయం. ఆకుకూర పచ్చగా కనిపించాలని చిటికెడు వంటసోడా వేసే అలవాటు మాత్రం మానాలి, అది బి1 విటమిన్‌ను, విటమిన్ సిని దెబ్బతీస్తుంది.

అపోహ: రాత్రిపూట ఆకుకూర అరగదు.

వాస్తవం: సూర్యాస్తమయం తరువాత ఆకుకూరను అరిగించుకునే శక్తి తగ్గుతుందనడానికి ఆధారం లేదు. పీచు అలవాటు లేనివారు ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపు ఉబ్బరంగా ఉండవచ్చు, అది పగలైనా జరుగుతుంది. కొద్దికొద్దిగా పెంచుకోండి, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు తినండి.

అపోహ: పాలకూర, టమాటా కలిపి వండితే కిడ్నీలో రాళ్లు వస్తాయి.

వాస్తవం: మూత్రపిండాల్లో ఏర్పడే రాళ్లలో ఎక్కువ శాతం కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. పాలకూరలో ఆక్సలేట్ చాలా ఎక్కువ, టమాటాలో తక్కువ. అందువల్ల ఈ జంటలో టమాటా మీద పడిన నింద అన్యాయమైనది. తగినన్ని నీళ్లు తాగే ఆరోగ్యవంతులు వారానికి ఒకటి రెండుసార్లు పాలకూర తింటే భయపడవలసిన పని లేదు. పెరుగులోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుంటుంది కాబట్టి రాళ్ల భయంతో పాలు, పెరుగు మానేయడం ఎదురు ఫలితం ఇస్తుంది. ఇప్పటికే రాళ్లు వచ్చినవారు పాలకూర తగ్గించి ఆనపకాయ, బీరకాయ, క్యాబేజీ వంటివి ఎక్కువగా వండుకోవాలి. మూత్రపిండాల వ్యాధితో పొటాషియం పరిమితి ఉన్నవారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నవారు ఈ వ్యాసం చూసి ఆకుకూరలు హఠాత్తుగా పెంచకూడదు, ముందు తమ వైద్యుణ్ణి అడగాలి.

అపోహ: ఆరోగ్యంగా వండాలంటే ఆలివ్ నూనె, బ్రోకలీ, జుకినీ ఉండాలి.

వాస్తవం: రైతు బజారులో దొరికే దొండకాయ, గోరుచిక్కుడు, పొన్నగంటి కూర, మునగాకు ఏ విధంగానూ వాటికి తీసిపోవు. అమెరికాలో ఉండే తెలుగు జంటలకు జుకినీ సులభంగా దొరుకుతుంది కనుక వారు దాన్నే బీరకాయలా పెసరపప్పుతో వండుకోవచ్చు, ఇక్కడివారు దాని కోసం వెతకనవసరం లేదు. ఏ నూనె అన్నదాని కంటే ఎంత నూనె అన్నది ముఖ్యం. ఒక టీస్పూను నూనెలో 40 నుంచి 45 కేలరీలు ఉంటాయి, వంద గ్రాముల బీరకాయలో 20 కూడా ఉండవు. సీసా నుంచి నేరుగా పోస్తే నాలుగైదు టీస్పూన్లు తెలియకుండానే పడతాయి. అలాగని నూనె పూర్తిగా మానడమూ తప్పే, కెరోటిన్లు ఒంటికి పట్టాలంటే కొంత కొవ్వు కావాలి. 400 గ్రాముల కూరకు రెండు మూడు టీస్పూన్లు చాలు. వంకాయ స్పాంజిలా నూనె పీలుస్తుంది కాబట్టి ముక్కలను ముందు ఆవిరి మీద సగం ఉడికించి, తరువాత తాలింపులో వేయాలి.

అపోహ: ఇద్దరి కోసం ఇంత తరగడం శ్రమ, పైగా సగం పాడైపోతుంది.

వాస్తవం: ఇద్దరికే వండడంలో ఒక సౌలభ్యం ఉంది. 400 గ్రాముల ముక్కలు వెడల్పాటి బాణలిలో పలుచగా పరుచుకుంటాయి, నలుగురైదుగురికి వండేటప్పటిలా ఒకదాని మీద ఒకటి పడి నీరు ఊరవు, పావుగంట, ఇరవై నిమిషాల్లో కూర దిగుతుంది. సమయం తినేది తరగడమే, దాన్ని ఇద్దరూ పంచుకోవాలి. ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు కత్తిపీట దగ్గర అనే ఏర్పాటు, "నేనూ సాయం చేస్తాను" అనే మాట కంటే నిలకడగా సాగుతుందని గమనించాను.

బీన్స్, గోరుచిక్కుడు, క్యారెట్, క్యాబేజీ ముందురోజు తరిగి మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, విటమిన్ సి కొంత తగ్గినా, ఆ కారణంగా కూరే మానేయడం కంటే మేలే. బీరకాయ, ఆనపకాయ నీరు కారతాయి, వంకాయ నల్లబడుతుంది, వీటిని అప్పటికప్పుడే తరగాలి. ఆకుకూరలను ఏరి, కడగకుండా పొడి గుడ్డలో చుట్టి ఉంచి, రెండు మూడు రోజుల్లో వండేయాలి. కొనేటప్పుడే వారంలో మొదటి మూడు రాత్రులకు ఆకుకూరలు, మెత్తని కాయలు, తరువాతి రాత్రులకు క్యాబేజీ, బీట్‌రూట్, గుమ్మడికాయ అని వేరుచేసుకుంటే పారేసేది చాలా తగ్గుతుంది. ఫ్రోజెన్ బఠాణీలను చిన్నచూపు చూడనవసరం లేదు, కోసిన కొద్దిసేపటికే వేడినీటిలో ముంచి గడ్డకట్టిస్తారు కనుక వాటిలో పోషకాలు బాగానే నిలుస్తాయి.

అపోహ: రాత్రి మిగిలినది ఏదైనా మర్నాడు పనికిరాదు.

వాస్తవం: వండిన రెండు గంటల లోపు, పెద్ద గిన్నెలో కాక లోతు తక్కువ డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టిన కూరను మర్నాడు పొగలు వచ్చేలా ఒక్కసారి వేడిచేసి తినవచ్చు. జాగ్రత్త ఎక్కువగా అవసరమైనది కూర కంటే అన్నానికే. బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు, అన్నం రాత్రంతా గది ఉష్ణోగ్రతలో ఉంటే అవి పెరిగి విషపదార్థాన్ని తయారు చేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. మజ్జిగ కలిపి పులియబెట్టే చద్దన్నంలో పులుపు పెరుగుతుంది కాబట్టి దాని సంగతి వేరు. మధ్యాహ్నం డబ్బాలోకి కూడా కూర కావాలనుకునేవారు రాత్రే 600 గ్రాములు తరిగి, వడ్డించుకోవడానికి ముందే మూడో వంతును పక్కకు తీసి ఉంచాలి. అందుకు పులుసు కూరలు, పప్పుకూరలు బాగుంటాయి, పాలు పోసిన కూరలు, మజ్జిగ పులుసు ఆ రాత్రికే ముగించడం మంచిది.