బజావ్‌లకు అడుక్కోవడం ఆచారమా? అపోహలు - వాస్తవాలు

డిసెంబర్ వచ్చిందంటే ఫిలిప్పీన్స్‌లోని దవావోలో ఎంబీబీఎస్ చదివే మన తెలుగు పిల్లల ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, జీప్నీలోకి, అదే ఇక్కడి షేర్ జీపులోకి, చిన్నపిల్లలు ఎక్కేసి డబ్బాలు వాయిస్తున్నారు, డబ్బులెయ్యమని ఒళ్లో కవర్లు పెడుతున్నారు, బూట్లు తుడుస్తున్నారు. భయమేస్తోంది." ఊరు కొత్త, భాష కొత్త, భయపడటంలో తప్పేమీ లేదమ్మా. ఆ వెంటనే వచ్చే మాటే నాకు మంట పుట్టిస్తుంది: "బజావ్‌లకి అడుక్కోవడం ఆచారమటగా?"

కాదు. బజావ్‌లంటే ఇక్కడి సముద్రం మీద పడవల్లో బతికిన జాతి. ఇదే దేశంలోని జంబోవాంగా ఊళ్లో చాపలల్లే బజావ్ ఆడవాళ్లతో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ ఒక్క మాట వాళ్ల నోటి దగ్గర కూడు ఎలా లాగేస్తుందో కళ్లారా చూశాను.

వాళ్లు తమను తాము సామా దిలావుత్ అనుకుంటారు, అంటే సముద్రపు సామాలు. సులు, తావి-తావి దీవుల మధ్య 'లెపా' అనే పడవలోనే వంట, కాన్పు, కాపురం అన్నీ జరిగేవి. 1970లలో అక్కడ తిరుగుబాటుదారులకీ సైన్యానికీ మధ్య యుద్ధం ముదిరింది, దొంగల పడవలు పెరిగాయి. చేతిలో ఆయుధం లేనివాళ్లు జంబోవాంగా, దవావో, సెబూ నగరాల దారి పట్టారు. 2013 సెప్టెంబర్‌లో జంబోవాంగా పోరులో రియో హోండో, మరికి వాడల్లో నీళ్ల మీద కట్టుకున్న ఇళ్లు కాలిపోయాయి. స్టేడియంలో నెలల తరబడి తలదాచుకున్న మనిషి వల ఎక్కడ వెయ్యాలి? సముద్రం పోయింది, నేల ఎప్పుడూ లేదు. చెయ్యి చాపడం ఇలాంటి దెబ్బల వల్లే వచ్చింది.

వాళ్ల ఆచారం చూడాలంటే 'తెపో' చాప చూడండి. మన మొగలి జాతి ఆకే. అంచుల ముళ్లు తీసి, సన్నని పోగులుగా చీల్చి, ఎండబెట్టి, రంగునీళ్లలో ఉడికించి అల్లుతారు. కాగితం మీద గీత ఉండదు, లెక్కంతా తలలోనే. ఒకసారి చూపు సరిగ్గా ఆనని ఒక ముసలమ్మ, మనవరాలు అల్లిన చాప మీద బొటనవేలు జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగింది. "ఇక్కడ ఒకటి ఎక్కువైంది" అంది. లెక్కపెడితే నిజమే. జానెడు విప్పించి మళ్లీ అల్లించింది.

ఆ చాపని ఒక వ్యాపారి "ఎలాగూ అడుక్కునేవాళ్లేగా" అంటూ సగం ధరకి అడిగాడు. ఇంట్లో కర్రపెండలం కూడా నిండుకుంది, ఇచ్చేసింది. ఆ డిసెంబర్‌లో ఆ మనవరాలే కవర్లు పట్టుకుని జీప్నీ ఎక్కింది. అడుక్కుంటారని చాపకి ధర తగ్గిస్తారు, ధర రాక మళ్లీ రోడ్డెక్కుతారు. ఇదే చాప అల్లికకి తావి-తావిలోని తండుబాస్‌కి చెందిన సామా మహిళ హాజా అమీనా అప్పికి 2004లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం జాతీయ కళానిధి గౌరవం ఇచ్చింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"వాళ్లకి మొప్పలున్నాయట, నీళ్లలో ఏమీ కాదట." పుకారు. ఇండోనేషియా బజావ్‌ల ప్లీహం (ఊపిరి బిగపట్టి ఉండటానికి సాయపడే అవయవం) పొరుగువాళ్లకంటే దాదాపు 50 శాతం పెద్దదని 2018లో తేలిన మాట నిజం. పడవ మీది కంప్రెసర్ నుంచి గాలి వచ్చే పైపు నోట్లో పెట్టుకుని లోతుకి దిగి, గబుక్కున పైకొచ్చినవాడికి కాళ్లు పడిపోతే ఏ ప్లీహమూ కాపాడదు.

"ముఖానికి ఆ పసుపు పూత ఏదో క్షుద్రమట." అది 'బురాక్'. బియ్యప్పిండి, పసుపు కలిపి ఎండకి రాసుకుంటారు. మన అమ్మమ్మలకి చెబితే నవ్వుతారు.

"రోడ్డు మీద డాన్స్ చేసి డబ్బులు గుంజుతారు." ఆ నాట్యం 'ఇగల్'. పెళ్లిలో కులింతాంగన్ గంటలు మోగుతుంటే, వేళ్లు వెనక్కి విల్లులా వంచి ఆడే పిల్ల చేతికి బంధువులు నోటు అందిస్తారు. అది మర్యాద.

జీప్నీలో పిల్లలు ఎక్కితే బ్యాగు గుండెకి హత్తుకుని ముడుచుకుపోకండి. వద్దనుకుంటే కవర్ తిరిగిచ్చి 'మగ్‌సుకుల్' అనండి, థాంక్స్ అన్నమాట. వాళ్ల మొహాలు ఎలా వెలుగుతాయో చూడండి. చాప కావాలంటే నాకు ఫోన్ చెయ్యండి, అల్లినావిడ దగ్గరికే తీసుకెళ్తాను. ఆవిడ చెప్పిన ధర ఇచ్చి తెచ్చుకోండి.