పొలంలో దొరికిన రాతి పనిముట్టు: అపోహలు - వాస్తవాలు

తొలకరి పడిందంటే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో వజ్రాల కోసం నేల చూసుకుంటూ తిరిగేవారు ఎక్కువవుతారు. వజ్రం దొరకడం అదృష్టం మీద ఆధారపడినది గాని, వింత ఆకారాల రాళ్లు మాత్రం దాదాపు అందరికీ దొరుకుతాయి. అలా దొరికిన రాళ్ల ఫోటోలు నాకు తరచుగా వస్తుంటాయి. వాటి కింద ఉండే ప్రశ్న కూడా ఇంచుమించు ఒక్కటే: "సార్, ఇది ఆదిమానవుడి రాయేనా? ఎంత పలుకుతుంది?" రాతి పనిముట్లను అధ్యయనం చేసేవాడిగా మొదటి ప్రశ్నకు ఎంత ఓపికగానైనా జవాబు చెప్పగలను. రెండో ప్రశ్న చుట్టూ అల్లుకున్న పుకార్లు మాత్రం మనుషులను అప్పులపాలు చేస్తున్నాయి కాబట్టి ముందుగా దాని సంగతే రాస్తున్నాను.

అపోహ: ఆదిమానవుడి రాయికి లక్షలు, కోట్లు వస్తాయి.

వాస్తవం: రావు. 1863లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ మద్రాసు దగ్గర పల్లవరంలో పాత రాతియుగపు పనిముట్టును గుర్తించిన నాటి నుంచి నేటి వరకు దక్షిణ భారతదేశంలో బయటపడిన రాతి పనిముట్లకు లెక్క లేదు. మ్యూజియంల గోదాముల్లో అవి పెట్టెలకొద్దీ ఉన్నాయి. పైగా 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని అమ్మే వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. ప్రైవేటు వ్యక్తులెవరూ వాటిని దేశం దాటించకూడదు. అలాంటప్పుడు "ఢిల్లీ పార్టీ", "ఫారిన్ పార్టీ" మీ రాయి కోసం కోట్లతో ఎదురుచూస్తున్నారని చెప్పేవాడు మిమ్మల్ని మోసం చేయడానికి వచ్చినవాడే. రైస్ పుల్లింగ్ పేరుతో పిడుగు పడిన చెంబులకు కోట్లు వస్తాయని నమ్మించిన ముఠాల పద్ధతే ఇక్కడా నడుస్తోంది: ముందు టెస్టింగ్ ఫీజు, తర్వాత కెమికల్ ఖర్చు, ఆ తర్వాత సైంటిస్టు రాకపోకల చార్జీలు. కొనేవాడు మీకు డబ్బు ఇవ్వాలి గాని, మిమ్మల్ని అడగడు.

రాయలసీమ పల్లె నుంచి ఒక పెద్దాయన, కూతురి పెళ్లికి దాచిన డబ్బులోంచి ఇలాంటి ఫీజులు కట్టిన తర్వాత, నా దగ్గరకు వచ్చాడు. తువ్వాలులో చుట్టి తెచ్చిన రాయిని బల్ల మీద పెట్టి, నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. అది నిజమైన కొత్త రాతియుగపు గొడ్డలి. డోలరైట్ రాతిని చెక్కి, అంచును నునుపుగా అరగదీసి చేసినది. ఆ మాట చెప్పగానే ఆయన ముఖం వెలిగింది, దానికి బజారులో ధర లేదనగానే వాడిపోయింది. "అయితే నా కష్టమంతా మట్టిపాలేనా నాయనా?" అన్నాడు. ఆయనను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. ఎక్కడ దొరికిందని అడిగితే, ఇంకా ఉంటాయన్న ఆశతో ఆ చోటంతా జేసీబీతో తవ్వించానని, కింద బూడిద రంగు మట్టి వస్తే ఎరువుకు బాగుంటుందని పక్క చేలకు తోలించానని చెప్పాడు. పోయిన డబ్బు కన్నా ఆ బూడిద మట్టి నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఎందుకంటే ఈ పనిముట్ల విలువ అవి పడి ఉన్న చోటులో ఉంటుంది. సర్వే రాయిని గట్టు మీద నుంచి పీకి ఇంటికి తెచ్చుకుంటే దాని బరువు తగ్గదు గాని, అది ఇక ఏ హద్దునూ చెప్పలేదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ పొరలు పొరలుగా తవ్వినందువల్లనే, అది పశువుల పేడ కాలిన దిబ్బ అని, నాలుగు వేల ఏళ్లకు పూర్వమే అక్కడ మొద్దులు పాతి పశువుల దొడ్డి కట్టారని తెలిసింది. ఆ దొడ్డిలో తిరిగిన పశువుల గిట్టల ముద్రలు కూడా బయటపడ్డాయి. ఆ దిబ్బను ఎవరైనా ముందే ఎరువుకు తోలుకుని, ఒక గొడ్డలిని మాత్రం దాచి ఉంటే, ఇందులో ఒక్క మాట కూడా మనకు దక్కేది కాదు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల క్రితం కక్కిన బూడిద పొర ఉంది. దాని కిందా పైనా దొరికిన పనిముట్లు ఒకే తీరుగా ఉన్నాయని, అంతటి విపత్తు తర్వాత కూడా ఇక్కడ మనుషులు కొనసాగి ఉండవచ్చని పరిశోధకులు 2007లో వాదించారు. ఆ రాళ్లన్నీ ఒక సంచిలో కలిపి తెచ్చి ఉంటే, ఏది బూడిదకు పైది, ఏది కిందిది అని ఎవరూ చెప్పలేకపోయేవారు.

అపోహ: పదునుగా, చేతికి ఇమిడేలా ఉంటే అది పనిముట్టే.

వాస్తవం: నాకు వచ్చే ఫోటోల్లో ఎక్కువ భాగం ఏటి గులకరాళ్లు, ఎండకు పగిలిన రాళ్లు, క్రషర్ కంకర. మనిషి దెబ్బ వేసి ఊడగొట్టిన పెచ్చుకు దెబ్బ తగిలిన చోట చిన్న చదును, దాని కింద ఉబ్బు, ఆ ఉబ్బు నుంచి విస్తరించే అలల గీతలు ఉంటాయి. అయితే క్రషర్‌లో పగిలిన కంకరకూ ఒక్కోసారి ఉబ్బు కనిపిస్తుంది కాబట్టి ఆ ఒక్క గుర్తు చాలదు. చేతిగొడ్డలి (పిడి లేకుండా చేత్తో పట్టుకుని వాడే పాత రాతియుగపు పనిముట్టు) అయితే పెచ్చులు ఊడిన గుంటలు రెండు ముఖాల మీదా, ఒకదాని అంచును మరొకటి కోస్తూ, ఒక ఆకారాన్ని తెచ్చే క్రమంలో ఉంటాయి. ఏట్లో దొర్లిన రాయి అన్ని వైపులా గుండ్రంగా అరుగుతుంది. కొత్త రాతియుగపు గొడ్డలికి ఉండే, రెండు వైపుల నుంచి సమంగా వాలిన నునుపైన అంచు దానికి రాదు. చుట్టుపక్కల ఎక్కడా లేని రకం రాయి నల్లరేగడిలో కనిపిస్తే, దాన్ని ఎవరో తెచ్చి ఉంటారని అనుమానించాలి. ఏనుగు తల, పాదం వంటి పోలికలు గల రాళ్లను భద్రంగా దాచుకునేవారు, పక్కనే ఉన్న గోరంత చెకుముకి బ్లేడును తొక్కుకుంటూ పోవడం నేను కళ్లారా చూశాను. అసలైన సూక్ష్మ శిలా పనిముట్టు ఆ గోరంతదే.

అపోహ: ల్యాబ్‌కు పంపితే రాయి వయసు చెప్పేస్తారు.

వాస్తవం: కార్బన్ పరీక్ష బొగ్గు, ఎముక వంటి జీవ సంబంధమైన వాటికే పనిచేస్తుంది. రాతి వయసు కొలిస్తే ఆ శిల ఏర్పడిన కాలం తెలుస్తుంది గాని, దాన్ని చెక్కిన కాలం కాదు. పనిముట్టు వయసును అది ఉన్న మట్టి పొర నుంచి, ఆ పొరలోని ఇతర వస్తువుల నుంచి తెలుసుకుంటారు.

అపోహ: నునుపైన గొడ్డళ్లు పిడుగుతో పాటు ఆకాశం నుంచి పడతాయి.

వాస్తవం: పడవు. వానకు పైమట్టి కొట్టుకుపోయి అవి బయటపడతాయి కాబట్టి ఆ నమ్మకం పుట్టి ఉంటుంది. వేపచెట్టు కింద దేవుడిగా పెట్టి కొలుస్తున్న రాయి జోలికి మాత్రం ఎవరూ పోవద్దు.

అపోహ: ఈ సంగతి చెబితే ప్రభుత్వం పొలం లాక్కుంటుంది.

వాస్తవం: ఈ భయం నాకు అర్థమవుతుంది, ఎకరం, రెండెకరాల మీద బతికే కుటుంబానికి ఇది చిన్న భయం కాదు. కానీ చేలో నాలుగు పనిముట్లు దొరికినంత మాత్రాన ఆ చేను రక్షిత స్థలం కాదు. 1958 నాటి కేంద్ర చట్టం కింద ఒక స్థలాన్ని జాతీయ ప్రాముఖ్యం గలదిగా ప్రకటించాలంటే, ముందుగా నోటీసు ఇచ్చి అభ్యంతరాలకు రెండు నెలల గడువు ఇవ్వాలి. ఇక భూమిలో దాగి ఉండి బయటపడిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతోంది. తెలిపినవారికి ఆ కాగితమే రక్షణ.

అపోహ: అమెరికాలో ఉన్న అబ్బాయికి గుర్తుగా ఒక్క రాయి పంపితే ఏమీ కాదు.

వాస్తవం: 1972 చట్టం కింద పురావస్తువును దేశం దాటిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, దానితో పాటు జరిమానా ఉంటాయి. పిల్లవాడి సూట్‌కేసులో అలాంటి రాయి పెట్టకండి.

రాయి కనిపిస్తే తీయకముందే పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి దగ్గర నుంచి ఒక ఫోటో, చెట్టో గట్టో కనిపించేలా దూరం నుంచి మరో ఫోటో తీసి, ఫోన్‌లో లొకేషన్ భద్రపరచండి. దాన్ని యాసిడ్‌తో కడగడం, బ్రష్‌తో తోమడం, నూనె రాయడం చేయవద్దు. అంచున మిగిలిన అతి సూక్ష్మమైన అవశేషాలు, వాడకపు గీతలు అలా చెరిగిపోతాయి. తవ్వవద్దు. ఆ ఫోటోలను, లొకేషన్‌ను రాష్ట్ర పురావస్తు శాఖకు గాని, దగ్గరలోని విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్రం చెప్పేవారికి గాని పంపండి.